ఒక కన్ను ఆయన చెప్పుల మీద

మా మండలంలో ఎవరైనా నమ్మబుద్ధి కాని మాట చెబితే వినేవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఇది నువ్వు చూసిందా, మైకాయన చెప్పిందా?"

ఆ మైకాయన నేనే. ఖమ్మం వైపు వరి మళ్లూ మిరప తోటలూ అయిపోయి, భద్రాచలం వైపు టేకు చెట్లూ తునికి చెట్లూ మొదలయ్యే చోట మా ఊరు. చుట్టుపక్కల ఊళ్లలో నా గొంతు తగలని గోడ లేదు. ఎన్నికలొస్తే ఆటోకు మైకు కట్టుకుని ప్రచారం, జాతరొస్తే తప్పిపోయినవాళ్ల పేర్లు చదవడం, ఏదీ రాకపోతే టీ హోటల్ బెంచీ మీద కబుర్లు. ఒక ఏడు బోనకల్లు కల్లాల్లో మిరప ఘాటుకు స్టేషన్లో ఆగిన రైలు తుమ్మిందనీ, ఆ తుమ్ము ఊపుకు టైము కంటే ముందే మధిరలో తేలిందనీ చెప్పింది నేనే. మధిర మా అత్తగారి ఊరు కాబట్టి ఆ రైల్లోంచి దిగింది కూడా నేనేనని చెప్పాను. నమ్మినవాళ్లు లేరు. మళ్లీ చెప్పమన్నవాళ్లు మాత్రం ఉన్నారు. నా బోటివాడికి అంతకంటే ఏం కావాలి?

అలాంటి నన్ను పట్టుకుని, ఒక్క అబద్ధం కూడా లేకుండా మాట్లాడే పని అప్పజెప్పారు.

మా ఎమ్మెల్యే గారు ఇక పోటీ చేయనన్నారు. ఆ మాట అన్నది కూడా పత్రికలవాళ్లను పిలిచి కాదు, ఎవరిదో దశదిన కర్మ భోజనాల దగ్గర. పక్క విస్తరి ముందు కూర్చున్నాయన ఈసారి మెజారిటీ ఎంతొస్తుందని అడిగితే, మోకాళ్లు వద్దంటున్నాయనీ ఇగ చాలనీ చెప్పి, సాంబారు వేయమని చెయ్యి చాపారట. ఎవరూ నమ్మలేదు. ఆయన పార్టీవాళ్లు ఇదేదో మంత్రి పదవి కోసం బెదిరింపు అనుకున్నారు. ఎదుటి పార్టీవాళ్లు సానుభూతి కోసం ఎత్తుగడ అనుకున్నారు. చివరికి పదవీకాలం అయిపోయిన మర్నాడు, అర్జీలు పట్టుకొచ్చేవాళ్ల కోసం తన ఇంటి ముందు వేయించిన బెంచీలను ఆయన ట్రాక్టరెక్కించి బడికి పంపేశాక అందరికీ నమ్మకం కుదిరింది. బెంచీలు పోయాయంటే మనిషి నిజంగానే దిగిపోయినట్టు.

ఆయన అన్ని ఎన్నికల్లోనూ గెలవలేదు. మధ్యలో ఓడిన రోజులూ ఉన్నాయి. కానీ ఓడినప్పుడు కూడా ఆ బెంచీలు ఖాళీగా ఉండేవి కావు. గెలిచిన ఎదుటాయన మనుషులే వచ్చి కూర్చునేవారు, మా పెద్దమనిషికి మీరు కొంచెం చెప్పండి సార్ అని. ఆ ఎదుటాయన, అంటే ఆయనతో ఎన్నిసార్లో తలపడిన పాత ప్రత్యర్థి, ఇప్పటికీ మా ఊళ్లోనే ఉన్నాడు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఎన్నికల నెలలో "మీరు" అనుకునేవారు, ఫలితాలొచ్చిన సాయంత్రం నుంచి "బావా" అనుకునేవారు.

సన్మానం చేయాలని మూడు పార్టీలవాళ్లూ టీ హోటల్లో కలిశారు. అధ్యక్షత ఎవరిది, ముందు ఎవరు మాట్లాడాలి అన్న దగ్గర ఆగిపోయారు. ఒక పార్టీవాడు పొగిడితే పెద్దాయనను తమ జేబులో వేసుకుంటున్నారని మిగతా ఇద్దరికీ అనుమానం. అప్పుడు ఆ పాత ప్రత్యర్థే నా పేరు చెప్పాడట. అన్ని పార్టీలకూ సమానంగా అరిచినవాడూ, అన్ని పార్టీలనూ సమానంగా తిట్టినవాడూ ఈ నియోజకవర్గంలో నేనొక్కణ్ణే కాబట్టి నేనే మాట్లాడాలన్నాడు. అందరికీ సబబుగానే తోచింది. సంబరంగా వెళ్లి పెద్దాయనకు చెప్పారు.

ఆయన అంతా విని ఒక్క షరతు పెట్టారు.

"వస్త. కాని నా మీద ఒక్క అబద్ధం ఇనపడ్డా లేసిపోత. తర్వాత నన్ను అనొద్దు."

ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదని మాకందరికీ తెలుసు. ఒకసారి బడి ప్రారంభోత్సవంలో ఎవరో ఉత్సాహవంతుడు మైకు పట్టుకుని, ఈ బడిని సార్ తన స్వహస్తాలతో కట్టారని అన్నాడు. కట్టిన మేస్త్రి జనంలోనే నిలబడి ఉన్నాడు. ఎమ్మెల్యే గారు లేచి, కట్టినోడు గాడున్నడు, ఆయన్ని పిలిచి రిబ్బన్ కత్తిరించమనండి అని చెప్పి దిగి వెళ్లిపోయారు. మేస్త్రే కత్తిరించాడు.

దీనికి ముందు ఒక సూచన ఉండేది. ఆయన వేదిక ఎక్కగానే చెప్పులు విడిచి, బల్ల కింద తన కాళ్ల ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఎక్కువ తక్కువ మాట ఏదైనా చెవిన పడితే ముఖంలో ఏ మార్పూ ఉండదు. కుడికాలి బొటనవేలు మాత్రం మెల్లగా చెప్పు కోసం వెతుకుతుంది. వేలు దూరిందా, మనిషి లేచినట్టే. అందుకే మా దగ్గర కార్యకర్తలు ఆయన సభల్లో వక్త ముఖం చూసేవారు కాదు, బల్ల కిందికి చూసేవారు.

ఇప్పుడు నా పరిస్థితి అర్థమైందనుకుంటాను. ఆయనకు ఇదే ఆఖరి వేదిక. దాని మీద నుంచి ఆయన మధ్యలో లేచిపోతే, ఇన్నేళ్ల మనిషిని సాగనంపడం కూడా మాకు చేతకాలేదన్న మాట నియోజకవర్గానికి మిగులుతుంది. మైకోడు అబద్ధమాడి పెద్దాయనను లేపేసిండన్న మాట నాకు మిగులుతుంది. నా మీద ఎన్ని మాటలున్నా మోస్తాను, ఆ ఒక్కటి మోయలేను.

ఉపన్యాసం రాసుకుని మా ఆవిడకు వినిపించాను. ఆవిడ మిషను మీద జాకెట్లు కుడుతుంది. చదువుతుంటే కుట్టుకుంటూనే వింటానంది. "అడవి బిడ్డల ఆరాధ్య దైవం" అన్నాను. మిషను ఆగింది.

"దేవుడైతే ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడగడం ఎందుకండీ?"

కొట్టేశాను. "నిద్రాహారాలు మాని" అన్నాను. మళ్లీ ఆగింది. ఆ దశదిన కర్మలో ఆయన పులిహోర రెండోసారి అడిగి వేయించుకోవడం తను కళ్లారా చూశానంది. "ఉక్కుమనిషి" దగ్గర ఆగి, ఉక్కైతే మోకాళ్లకు నూనె దేనికని అడిగింది. అలా మిషను ఆగినప్పుడల్లా ఒక వాక్యం పోతూ పోతూ, కాగితం మీద చివరికి సభకు నమస్కారం ఒక్కటే మిగిలింది.

"అది బాగుందండీ. అందులో అబద్ధం ఏమీ లేదు" అంది ఆవిడ, దారం కొరుకుతూ.

నేను కాగితం నలిపేశాను. నా వల్ల కాదు, జ్వరమని పడుకుంటానన్నాను. జ్వరం కూడా అబద్ధమే కదా అంది. మళ్లీ మిషను తొక్కుతూ, "ఆయన దగ్గర మీరు కళ్లతో చూసింది ఒక్కటైనా లేదా?" అని అడిగింది.

ఒకటుంది. ఎన్నేళ్లుగానో లోపల పెట్టుకున్నది. దాన్ని ఆవిడకు చెప్పాను. చెప్పినంతసేపూ మిషను ఆగలేదు. గుడ్డ అయిపోయింది, సూది ఊరికే ఆడుతోంది, అయినా కాలు ఆపలేదు.

"మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేంటి?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారే?"

"మిగతావన్నీ నమ్ముతారనే చెబుతున్నారా ఏంటి?" అంది.

నేను నలిపిన కాగితాన్ని విప్పి సాపు చేసుకున్నాను.

సభ ఫంక్షన్ హాల్లో పెట్టారు. పార్టీ కండువాలు వేసుకురావద్దని ముందే ఒప్పందం. ఎవరైనా మరిచిపోయి వేసుకొస్తే గేటు దగ్గరే తీసి, తెల్ల తువ్వాలు చేతికిస్తున్నారు. దాంతో ఒక చిక్కు వచ్చింది. మెడలో రంగు లేకపోయేసరికి ఎవరు ఎటు కూర్చోవాలో మా వాళ్లకు తోచలేదు. కాసేపు తలుపు దగ్గర తచ్చాడి, చివరికి బావమరుదులు బావమరుదుల పక్కన, మిల్లువాళ్లు మిల్లువాళ్ల పక్కన కూర్చున్నారు. ముందు వరుసలో వాగు అవతలి కోయగూడెం నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో గూడెం పెద్దాయన ఇప్పపువ్వు లడ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఎవరడిగినా మూత తీయకుండా కూర్చున్నాడు.

మైకు దగ్గర మా భాయ్ ఉన్నాడు. మధిర నుంచి వచ్చి మా ఊళ్లో మైక్ సెట్ షాపు పెట్టుకున్న మనిషి. నేను అరిచిన ప్రతి ఎన్నికలోనూ ఆటో నడిపింది అతనే. పెద్దాయన వేదికెక్కారు. చెప్పులు విడిచారు. బల్ల కింద జంటగా పెట్టుకున్నారు. పక్కన పాత ప్రత్యర్థి కూర్చున్నాడు. హాల్లో సగం మంది కుర్చీలు కొంచెం పక్కకు జరుపుకున్నారు, కాళ్లు కనపడేలా.

స్వాగతం మాత్రం చెప్పి కూర్చోవలసిన కుర్ర నాయకుడు ఒకడు, మైకు చేతికి రాగానే మనసు ఆపుకోలేక "అపర భగీరథుడు" అన్నాడు. బొటనవేలు కదిలింది. భాయ్ చూశాడు. సౌండు నాబు తిప్పేశాడు. కుర్రవాడి నోరు ఆడుతోంది, మాట రావడం లేదు. పాత ప్రత్యర్థి వాడి చొక్కా పట్టి గుంజి కూర్చోబెట్టాడు. బొటనవేలు వెనక్కి వెళ్లింది. నన్ను పిలిచారు.

నేను ఒక కన్ను జనం మీద, ఒక కన్ను చెప్పుల మీద పెట్టి మొదలుపెట్టాను. నన్ను చూడగానే నవ్వడం జనానికి అలవాటు, నవ్వారు. నేను నవ్వలేదు. ఒకే ఒక్క సంగతి చెప్పి దిగిపోతానన్నాను.

అప్పటికి వాగు మీద బ్రిడ్జి లేదు. ఎన్నికల రోజులు. నేను ఈ పాత ప్రత్యర్థి తరఫున ప్రచారంలో ఉన్నాను. భాయ్ ఆటో నడుపుతున్నాడు. వాగు దాటి గూడెంలో ప్రచారం చేయాలి. నీళ్లు చీలమండల దాకానే ఉన్నాయి కదా అని దిగాం. నీళ్లు తక్కువే, ఇసుకే ఎక్కువ. నడి వాగులో ఆటో కూర్చుంది. భాయ్ దిగి తోస్తుంటే ఆటో ఇంకా లోపలికి దిగుతోంది. బండి ఆగినా గొంతు ఆగకూడదన్నది మా పని పద్ధతి కాబట్టి నేను అరుస్తూనే ఉన్నాను: ఈ ఎమ్మెల్యే మీ గూడేనికి ఏం చేసిండు, వాగు మీద బ్రిడ్జి ఏది, బడికి పైకప్పు ఏది అని.

సరిగ్గా అప్పుడే ఆ ఎమ్మెల్యే జీపు అవతలి ఒడ్డున ఆగింది. గూడెంలో తన ప్రచారం ముగించుకుని వస్తున్నారు. మమ్మల్ని చూసి ఆయన మనుషులకు పండగైంది. ఉండనీ సార్, పొద్దుగూకే దాక గాడనే ఒర్లనీ అన్నారు. ఆయన జీపు దిగారు. చెప్పులు ఒక రాయి మీద జంటగా పెట్టారు. పంచె ఎగ్గట్టి నీళ్లలోకి వచ్చి, ఆటో వెనక భుజం ఆనించారు.

నా గొంతు దానంతట అదే ఆగిపోయింది. ఆయన తలెత్తి చూశారు.

"ఎందుకు ఆపినవ్? నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేస్త."

ఏం చేయను? మళ్లీ మైకు పట్టుకుని, వినిపించీ వినిపించనట్టు, ఈ పనికిమాలిన ఎమ్మెల్యేను ఇంటికి పంపండి అన్నాను. ఆయన ఆటో తోస్తూనే, గంత మెల్లగ అంటే గూడెం దాక ఇనపడదు, గట్టిగ చెప్పమన్నారు. గట్టిగా చెప్పాను. బ్రిడ్జి ఏది అన్నాను. ఊ కొట్టారు. బడికి పైకప్పు ఏది అన్నాను. ఆయన తోయడం ఆపారు.

"బడికి పైకప్పు ఉన్నది. తలుపు లేదు. సరిజేసి చెప్పు."

బడికి తలుపు ఏది అని అడిగాను, ఊరంతా వినేలా. ఆఁ, గది నిజం అని, మళ్లీ భుజం పెట్టారు. ఆయన ముఖంలో వెటకారం లేదు, నవ్వు లేదు. ఒడ్డున నిలబడిన ఆయన మనుషులకు సిగ్గేసి వాళ్లూ నీళ్లలోకి దిగారు. ఆటో గట్టెక్కింది. ఆయన కాళ్లకంటిన ఇసుక కడుక్కుని, చెప్పులు వేసుకుని, జీపెక్కి వెళ్లిపోయారు. ఆ ప్రయాణమంతా, మేం తిట్టిన మనిషే మమ్మల్ని తోశాడా అనుకుంటూ నాకూ భాయ్‌కీ తలలు తిరిగాయి.

ఇంతే చెప్పాను. అప్పట్లో చెబితే మా అభ్యర్థి నన్ను ఆటోలోంచి దింపేవాడు. తర్వాత చెబుదామంటే, నా కోతల మధ్య ఈ నిజాన్ని పడేస్తే అది కూడా కోత అయిపోతుంది. అందుకే దాచుకున్నానని చెప్పి ఆపాను.

హాలంతా ఘొల్లుమంది.

చప్పట్లు కావు, నవ్వులు. ముందు మిల్లువాళ్లు, తర్వాత అందరూ. ఎదుటివాడి ఆటో తోసుకుంటూ తనను తిట్టించుకున్నాడంట అని ఒకడు, రైలు తుమ్మినట్టే ఉంది అని ఇంకొకడు. నా బతుకులో మొదటిసారి నిజం చెబితే, నేను చెప్పిన అన్ని కోతల కంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది. భాయ్ లేచి నిలబడ్డాడు.

"ఖుదా కసమ్, నిజమే చెబుతున్నడు. ఆటో నాదే."

"నువ్వు ఆయన జోడీవి. నీ సాక్ష్యం చెల్లదు భాయ్" అన్నారెవరో. ఆ నవ్వు ఇంకో విడత సాగింది. పాత ప్రత్యర్థి కళ్లు తుడుచుకుంటూ పెద్దాయన వైపు ఒరిగాడు.

"ఇంటున్నవా బావా? నా ఆటోను నువ్వు తోసినవంట. ఈడు సచ్చేదాక మారడు."

నేను బల్ల కిందికి చూశాను. బొటనవేలు కదిలింది. చెప్పును తాకింది. దూరింది. తర్వాత రెండో కాలు కూడా చెప్పులో దూరింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కార్యకర్తలు లేచి నిలబడ్డారు. తలుపు దగ్గరున్న ఇద్దరు అడ్డంగా జరిగారు, ఆపడానికో దండం పెట్టడానికో వాళ్లకే తెలియదు. నిజమే కదా చెప్పాను, ఎక్కడ తప్పు దొర్లింది, నీళ్లు చీలమండల దాకా కాదేమో, మోకాళ్ల దాకానేమో అని వెతుక్కుంటున్నాను. పెద్దాయన లేచారు. బల్ల చుట్టూ తిరిగారు. మెట్ల వైపు వెళ్లలేదు. నా వైపు వచ్చి మైకు తీసుకున్నారు.

"కూసోండ్రి. నేను పోతలేను. ఈయన చెప్పింది నిజం. నిజాన్ని జూసి నవ్వుతుంటే ఊకోలేక లేసిన" అన్నారు.

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. భాయ్ నావైపు చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. అతని ముందున్న ఇంకో మైకులో అది హాలంతా వినిపించింది.

తర్వాత ఆయన చెప్పినది, మాలో ఎవరమూ అంతకుముందు వినలేదు. మొదటిసారి గెలిచిన కొత్తలో ఆయన గూడేనికి వెళ్లారట. వాళ్లు ఆయనకు జావ పోశారు. వాగు దాటినప్పుడు పంచె తడిసింది, ఆరబెట్టుకుంటూ కూర్చున్నారు. వయసులో ఉన్నారు, గెలిచిన హుషారు, అందరినీ నవ్వించాలనుకున్నారు. వచ్చేసారి కాళ్లు తడవకుండ వస్త చూడుండ్రి అన్నారు. వాళ్లూ నవ్వారు. ఆయన ఆ మాట అక్కడే మరిచిపోయారు.

గూడెంవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఏటా వానలు పడకముందు వాగు ఇరుకైన చోట, బండరాళ్ల మీదుగా పొడుగాటి దుంగలు వేసి తీగలతో కట్టుకుంటారు. వరదొచ్చినా దాని మీద నుంచి దాటుతారు. ఆ ఏడు వాళ్లు దుంగలు కొట్టలేదు. ఎమ్మెల్యే చెప్పాడు కదా, బ్రిడ్జి వస్తుంది కదా, పచ్చని చెట్లను దండగగా కొట్టడమెందుకని ఊరుకున్నారు. వానలు పడ్డాయి. వాగు వచ్చింది. ఆ వానాకాలం గూడెం గూడెమంతా అవతలే ఉండిపోయింది. ఈ కబురు తెలిసి ఆయన బియ్యం మూటలు పట్టించుకుని, నడుము లోతు నీళ్లలో పడి వెళ్లారు.

ఆయన ముందు వరుసలో ఉన్న గూడెం పెద్దాయన వైపు చెయ్యి చూపారు.

"అప్పుడు ఈయన ఒడ్డు మీద నిలబడ్డడు. తిట్టలే. కోపం గూడ చెయ్యలే. కాళ్లు తడవకుండ వస్తనన్నవ్ గద సారు, మరెందుకు తడుసుకుంట వచ్చినవ్ అని అడిగిండు. గంతే."

గూడెం పెద్దాయన తల ఊపాడు, అవును అడిగాను అన్నట్టు. ఒళ్లోని డబ్బాను కొంచెం సర్దుకున్నాడు.

ఆ రోజు నుంచి నోటికి తాళం వేసుకున్నానని చెప్పారు పెద్దాయన. ఎమ్మెల్యే నోట్లోంచి వచ్చింది ఏదైనా జనానికి హామీయే. నవ్వుకు అన్నా హామీయే, పక్కవాడు ఆయన మీద చెప్పిన గొప్ప కూడా, ఆయన విని ఊరుకుంటే హామీయే. దైవమని ఎవరో అంటే, రేపు ఇంకెవరో వచ్చి బిడ్డకు బాగాలేదు చూడమంటారు. అందుకే లేచిపోయేవాడిననీ, పొగరుతో కాదనీ అన్నారు. బ్రిడ్జి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలుసన్నారు. అది పూర్తయ్యాక తాను మొదట దాని మీద నడిచినప్పుడు కూడా, అలవాటుకొద్దీ పంచె ఎగ్గట్టుకున్నాననీ, అవతలి ఒడ్డు నుంచి చూసి గూడెంవాళ్లు నవ్వారనీ చెప్పారు.

ఆయన ఒక పెద్ద మూట దించుకున్నవాడిలా రెండు భుజాలూ వెనక్కి విరుచుకున్నారు.

"అంత అయిపోయింది. ఇయ్యాల్టి సంది నేనేం చెప్పినా హామీ కాదు. ఎంత హాయిగున్నదో మీకు తెల్వదు."

అని మైకు నాకివ్వబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. నా వైపు ఒకసారి చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసేదే. కోత కోయబోయే ముందు మనిషి కళ్లలో వచ్చే మెరుపు అది.

"అయితే ఈ మైకాయన ఒకటి ఇడిసిపెట్టిండు. ఆటోను నేనొక్కణ్ణే తొయ్యలే. నాకు ఎడమపక్క ఒక మొసలి గూడ తోసింది."

ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లలో ఆ నోట అబద్ధం విననివాళ్లు, నిజమే అనుకున్నారు. నా ముందు కూర్చున్నాయన పక్కవాడిని, మొసళ్లుండే కిన్నెరసాని డ్యాం నుంచి కొట్టుకొచ్చిందేమో అని మెల్లగా అడగడం నేను విన్నాను. అప్పుడు గూడెం పెద్దాయన లేచాడు. ముఖంలో ఒక్క గీత కదలకుండా అన్నాడు:

"అవ్. ఆ వాగుల ఒక ముసలి మొసలి ఉండె. మంచిది."

పాత ప్రత్యర్థికి అందరికంటే ముందు వెలిగింది.

"ఏ పార్టీ మొసలి బావా?"

"నీ పార్టీదే" అన్నారు పెద్దాయన. "అందుకే తోసింది. నా పార్టీదైతే నా కాలు పట్టి గుంజేది."

ఈసారి వచ్చిన నవ్వు వేరు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయన పార్టీవాళ్లే, తర్వాత పక్కవాళ్లను అనుమానంగా చూసుకున్నదీ వాళ్లే. పాత ప్రత్యర్థి లేచి ఆయనను కావలించుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ ఆటో సంగతి నాకెందుకు చెప్పలేదు బావా అన్నాడు. చెబితే ప్రచారమయ్యేది అన్నారు ఆయన. గూడెం పెద్దాయన మెట్లెక్కి వచ్చి, అప్పుడు తీశాడు డబ్బా మూత. మొదటి లడ్డూ ఆయనకు, రెండోది పాత ప్రత్యర్థికి, మూడోది మెట్టు మీద కూలబడి ఉన్న నాకు. అంత తియ్యటి లడ్డూ నేను తినలేదంటే మా ఆవిడ మిషను ఆపుతుంది. ఆ ఇప్పపువ్వుకు కొంచెం వగరుంటుంది. అయినా ఆ పూట నాకు గొంతు దిగిన మొదటి పదార్థం అదే.

భోజనాల దగ్గర మా ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆడవాళ్ల వైపు కూర్చుని అంతా విన్నదట. ఏమంటుందోనని చూశాను.

"బతికిపోయారండీ" అంది. తర్వాత, "మీకంటే ఆయనే బాగా చెప్పారు" అంది.

ఆ రెండో మాట నిజమని తర్వాత నాకు తెలిసొచ్చింది. ఇప్పుడు మా సంతలో, మిల్లు దగ్గర, బస్సులో, ఎక్కడ చూసినా మొసలి మాటే. ఫోన్లలో కూడా తిరుగుతోంది. మైకాయన చెప్పింది కాదు, పెద్దాయనే చెప్పిండు, గూడెపాయన గూడ చూసిండట అని ఒట్టేసి మరీ చెబుతున్నారు. నేను ఆ రోజు ఆటోలోనే ఉన్నాననీ, మొసలి లేదూ గిసలి లేదూ అనీ చెప్పి చూశాను. నీ మాటెవడు నమ్ముతడన్నారు.

మొన్న పొద్దున ఆయన టీ హోటల్‌కు వచ్చారు. వెనక ఎవరూ లేరు, జీపు లేదు, నడిచే వచ్చారు. చెప్పులు బయట మెట్టు కిందే విడిచేసి, లోపలికొచ్చి బెంచీ మీద రెండు కాళ్లూ పైకి పెట్టుకుని మఠం వేసుకుని కూర్చున్నారు. చెప్పుల్లో ఒకటి బోర్లా పడింది, రెండోది దారిన పోయే మేక తన్నితే కాలువ దాకా జరిగింది. ఆయన అటు చూడనే లేదు. భాయ్‌నీ నన్నూ దగ్గరకు రమ్మని, టీ గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ చాపారు.

"మొసలి ఎంత పొడుగు ఉంటే బాగుంటది అంటవ్?"

నేను ఆయన చేతులను పట్టుకుని, ఇంకాస్త ఎడంగా జరిపాను.